పాండ్ ఇన్‌లెట్ విమానం: ఎండ కాస్తున్నా ఎందుకు రద్దవుతుంది, ఎలా సిద్ధపడాలి?

ప్రశ్న: కెనడాలోని నునావుట్‌లో, పాండ్ ఇన్‌లెట్‌లో ఆరు నెలల ఉద్యోగం. ఒట్టావా నుంచి నునావుట్ రాజధాని ఇకాలుయిట్ మీదుగా వెళ్లాలి. ఆకాశం బాగున్నా ‘వాతావరణం’ అని విమానాలు రద్దు చేస్తారట, నిజమేనా? టికెట్లు, సామాను ఎలా చూసుకోవాలి?

జవాబు: నిజమే. తలెత్తి చూస్తే నీలాకాశం, రన్‌వే అంచున వరుసగా ఉండే దీపాల్లో మాత్రం నాలుగోది కనబడదు. పొడి మంచు నేలకు అంటుకోకుండా వదులుగా పడి ఉంటుంది. గాలి గంటకు నలభై కిలోమీటర్లు దాటితే చాలు, లేచి మనిషి ఎత్తును మించి కొట్టుకుపోతుంది. దీన్నే అక్కడ బ్లోయింగ్ స్నో అంటారు. పైలట్‌కి పైనుంచి ఊరంతా కనబడుతుంది, దిగేటప్పుడు చివరి వంద అడుగుల్లోనే ఏమీ కనబడదు. జులై, ఆగస్టుల్లో ఈ బాధ ఉండదు గానీ, ఐసు కరిగిన సముద్రం మీంచి పొగమంచు వచ్చి కూర్చుంటుంది.

పాండ్ ఇన్‌లెట్‌లో వాతావరణం బాగుంటే సరిపోదు. దిగలేకపోతే మళ్లడానికి ఇంకో ఊరు కావాలి: ఆర్కిటిక్ బే, క్లైడ్ రివర్, ఇగ్లూలిక్ వంటివి, అన్నీ వందల కిలోమీటర్ల దూరం. అవీ బాగాలేకపోతే వెయ్యి కిలోమీటర్లు దాటి ఇకాలుయిట్‌కే తిరిగి వెళ్లేంత ఇంధనం మోయాలి. ఇంధనం పెరిగితే బరువు తగ్గించాలి. అందుకే ఒక్కోసారి మీరు ఎక్కుతారు, మీ పెట్టె ఎక్కదు.

రన్‌వే సుమారు నాలుగు వేల అడుగులు, తారు లేదు, కంకర. అందుకే జెట్ రాదు, ఏటీఆర్ 42 లాంటి ప్రొపెల్లర్ విమానాలే. వీటిలో ముందు సరుకు, వెనక సీట్లు. మధ్య గోడను సరుకును బట్టి జరుపుతారు కాబట్టి సీట్ల సంఖ్య రోజూ ఒకటే ఉండదు. చలికాలంలో మంచును పూర్తిగా గీకెయ్యరు. బ్లేడు కొద్దిగా ఎత్తి పెట్టి, కింది పొరను గట్టిగా అణగనిస్తారు. గీకితే మంచుతో పాటు కంకరా పోతుంది. అసలు చికాకు వసంతంలో: ఆ పొర కరిగి, కింద నేల మెత్తబడి చక్రాలు దిగబడతాయి. ఎండాక గ్రేడరు (నేలను చదును చేసే బండి) తిప్పి, రోలరుతో తొక్కించాలి. వదులు రాయి మిగిలితే ప్రొపెల్లర్ రెక్కకు సొట్ట ఖాయం.

టికెట్టు ఒట్టావా నుంచి పాండ్ ఇన్‌లెట్ దాకా ఒకే బుకింగ్‌లో తీసుకోండి. విడివిడిగా కొంటే మొదటిది ఆలస్యమైతే రెండోది మీ నెత్తిన పడుతుంది. తిరిగి వచ్చేటప్పుడు, ఒట్టావా చేరే రోజుకే హైదరాబాద్ విమానాన్ని ఎప్పుడూ పెట్టుకోకండి. మధ్యలో మూడు రోజులు ఉంచండి, డిసెంబరు అయితే ఇంకా ఎక్కువ. ఇకాలుయిట్‌లో హోటల్ ఖరీదు, గదులూ తక్కువ, ఆ డబ్బు ముందే లెక్కలో వేసుకోండి.

ఉదయం నావ్ కెనడా (కెనడా విమాన రాకపోకలను నియంత్రించే సంస్థ) వెబ్‌సైట్‌లో మెటార్, అంటే విమానాశ్రయంలో ఆ గంట వాతావరణ నివేదిక, చూడండి. పాండ్ ఇన్‌లెట్ కోడ్ సీ-వై-ఐ-ఓ. ‘బీఎల్ఎస్ఎన్’ (బ్లోయింగ్ స్నో) అని ఉండి, దృశ్యత మైలు కన్నా తక్కువైతే ఆశ తగ్గించుకోండి. సమయం జీఎంటీలో ఉంటుంది; చలికాలంలో ఐదు గంటలు తీసెయ్యండి. ‘హోల్డ్’ అంటే రద్దు కాదు, ఫోను దగ్గరే ఉండండి. గాలి తగ్గితే గంటలో పిలుస్తారు.

మందులు పది రోజులకు అదనంగా, చేతి సంచిలోనే. ఇన్సులిన్ అయితే కోటు లోపలి జేబులో. మైనస్ 35లో బయట ఆగిన పెట్టెలో గడ్డకడుతుంది, గడ్డకట్టినది మళ్లీ వాడకూడదు. ఆవకాయ మాత్రం చెక్-ఇన్ పెట్టెలోకి, రెండు కవర్లు చుట్టి. ఒట్టావా తనిఖీలో 100 మిల్లీలీటర్లు దాటిన సీసా చేతి సంచిలో ఉంటే తీసేస్తారు.

తిరుగు ప్రయాణంలో పాండ్ ఇన్‌లెట్‌లో సెక్యూరిటీ తనిఖీ ఉండదు, ఇకాలుయిట్‌లో ఉంటుంది. అప్పటికి పెద్ద పెట్టె మీ చేతిలో ఉండదు కాబట్టి కత్తి, కత్తెర, పెద్ద సీసాలు బయల్దేరేటప్పుడే అందులో సర్దెయ్యండి.