పెటాయవెసి చెక్క చర్చి చూడదగ్గదేనా? అంత చిన్న చర్చికి యునెస్కో గుర్తింపు ఎందుకు?

చూడదగ్గదే, కాకపోతే వేసవిలో వెళ్లండి. ఫిన్లాండ్‌లో నేను చదువుకున్న యువస్కులా ఊరికి పడమరగా సుమారు 35 కిలోమీటర్ల దూరం. ఈ చర్చిలో హీటింగ్ అన్నది మొదటినుంచీ లేదు. చలికాలం ఆరాధనకు జనం ఎలా కూర్చునేవారో ఆ దేవుడికే తెలియాలి.

కట్టింది 1763–65 మధ్య. అప్పటికి ఫిన్లాండ్ స్వీడన్ ఏలుబడిలో ఉంది. మేస్త్రీ పేరు యాక్కో లెప్పనెన్. పైనుంచి చూస్తే సిలువ ఆకారం, నడుమ గుమ్మటం. యూరప్ నగరాల్లో రాతితో కట్టే పద్ధతులను ఈయన దేవదారు జాతి దుంగలతో దించేశాడు. రాతి కట్టడంలో కమాను బరువు మోస్తుంది. ఇక్కడ కమానులన్నీ పలకలే, బరువు మోసేవి గోడలు. దుంగల కట్టడానికి సిలువ ఆకారం కుదరడానికి ఇంకో కారణం కూడా ఉంది. దుంగ పొడవు చెట్టు ఎంతుంటే అంతే కదా, పొడవాటి గోడ ఒక్కటే లేపితే పక్కకి ఒరుగుతుంది. మూలలు ఎక్కువైతే ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడతాయి. యునెస్కో వాళ్లు 1994లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది ఈ పల్లె వడ్రంగుల సంప్రదాయాన్ని చూసే.

లోపల గోడలకు రంగు లేదు. రెండు వందల యాభై ఏళ్లు దాటిన కలప, గోధుమ రంగుకి తిరిగి, దగ్గరికెళితే చెక్కిన గుర్తులతో సహా కనిపిస్తుంది. పుల్పిట్‌ని, అంటే పాస్టరు నిలబడి ప్రసంగించే ఎత్తైన వేదికని, కిందినుంచి మోస్తున్నట్టు సెయింట్ క్రిస్టఫర్ బొమ్మ చెక్కారు. నేను ఎక్కువసేపు నిలబడిపోయింది అక్కడే. చెయ్యి తిరిగిన శిల్పి పనితనం కాదది, ఊరివాళ్ల చేతిపని. ముఖాలు కాస్త మొరటుగా ఉంటాయి. నాకు నచ్చిందీ అదే.

ఈ చర్చీ లూథరన్‌దే, మాదీ గుంటూరు లూథరన్ కుటుంబం. అమెరికా లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ 1842లో గుంటూరు వచ్చేనాటికే ఈ చర్చికి 77 ఏళ్లు. గంట గోపురం మాత్రం తర్వాతది. 1821లో యాక్కో మనవడు ఎర్కీ లెప్పనెన్ కట్టాడు.

ఇది మిగలడానికి అసలు కారణం, నా లెక్కలో, ఊరు దీన్ని వదిలేయడమే. 1879లో కొత్త చర్చి కట్టుకున్నాక ఇటువైపు ఆరాధన ఆగిపోయింది. వాడుకలో ఉండి ఉంటే పొయ్యిలు పెట్టేవారు, గోడలకు రంగులు వేసేవారు, కిటికీలు మార్చేవారు. మన దగ్గర పాత గుళ్లకీ చర్చిలకీ టైల్సు అతికించినట్టు. చుట్టూ ఉన్న స్మశానంలో మాత్రం సమాధులు చేస్తూనే ఉన్నారు, అందుకని చోటు పూర్తిగా పాడుబడలేదు. 1920లలో స్ట్రిగోవ్‌స్కీ అనే ఆస్ట్రియా కళాచరిత్రకారుడు దీని విలువ ఎత్తిచూపాక మరమ్మతులు మొదలయ్యాయి.

చర్చి నీటి ఒడ్డునే ఎందుకుందని కొందరు అడుగుతారు. రోడ్లు లేని కాలంలో జనం వేసవిలో పడవల మీద, చలికాలంలో గడ్డకట్టిన సరస్సు మీదుగా వచ్చేవారు. ఇప్పుడు యువస్కులా నుంచి బస్సుంది, రైలూ ఉంది. వేసవిలో ఇక్కడ పెళ్లిళ్లు కూడా జరుగుతుంటాయి. శనివారం వెళ్లేట్టయితే తెరిచి ఉంటుందో లేదో ముందే కనుక్కుని బయల్దేరండి.