మిలిటరీ వాళ్లకి ఐవీఎఫ్ ఎందుకంత కష్టం?

"మా ఆయన ఆర్మీలో ఉన్నారు, సెలవు దొరికితేనే ఇంటికొస్తారు, ఐవీఎఫ్ కుదురుతుందా?" అని అడిగారు కదండీ. ఐవీఎఫ్ అంటే అండాన్నీ వీర్యాన్నీ ల్యాబ్‌లో కలిపి, ఆ పిండాన్ని గర్భంలో పెట్టే చికిత్స. కుదురుతుంది. కాకపోతే డబ్బు కన్నా ముందు అడ్డొచ్చేది సెలవే.

తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం అంటే మిలిటరీ ఊరని అందరికీ తెలుసు, మా అక్క ఆ ఊరి కోడలే. బావకి ఏడాదికి 60 రోజుల వార్షిక సెలవు ఉన్నా అది ఎప్పుడిస్తారో ఆయన చేతిలో లేదు, అక్క నెలసరి ఏమో ఎవరి ఆర్డర్ కోసమూ ఆగదు. ఇంజెక్షన్లు పది పన్నెండు రోజులు, ఆ తర్వాత అండాలు తీసే రోజు మగవాళ్ల వీర్యం శాంపిల్ కావాలి. తొమ్మిదో రోజున బావకి పిలుపొచ్చింది. మిగిలిన ఇంజెక్షన్లు ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన అలాగే ఉండిపోయాయి.

శాంపిల్ ముందే ఫ్రీజ్ చేయించుకోవచ్చని అప్పటిదాకా మాకు ఒక్కరూ చెప్పలేదు! మీరు మాత్రం ఈసారి సెలవులోనే ఆ పని కానిచ్చేయండి. ఇలాంటి సంతాన చికిత్సల కోసం తెచ్చిన 2021 చట్టం ప్రకారం ఇద్దరి రాతపూర్వక సమ్మతీ ఉండాలి, ఆ సంతకాలూ అప్పుడే. వయసు పరిమితి ఆడవాళ్లకి 50, మగవాళ్లకి 55.

ఢిల్లీ ఆర్మీ ఆసుపత్రిలో ఐవీఎఫ్ సెంటర్ ఉంది, కానీ ఇక్కడి నుంచి అంత దూరం వెళ్లి వారాల తరబడి ఉండాలంటే మాటలా. రిటైరైనవాళ్లయితే ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) పాలీక్లినిక్‌లో ముందే అడిగి, అనుమతి కాగితం చేతికొచ్చాకే ప్రైవేటు గడప తొక్కండి.