చిట్టిదానికి నీ గుండె మీద చోటివ్వు

చి.ల.సౌ. బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

పాప పుట్టిందని మీ అమ్మ ఫోన్ చేసి, సంతోషపడాలో ఏడవాలో తెలియక సగంలోనే పెట్టేసింది. 32 వారాలకే కాన్పు, 1,450 గ్రాముల బరువు అంటే ఎవరికైనా టెన్షనే. స్వీట్లు పంచమన్నాను. ‘ఇంటికొచ్చాక చూద్దాంలే’ అంది. ఇంటికి రాకపోతేనేం, మన పాప వచ్చేసింది కదమ్మా! పంచమనే మళ్లీ చెప్పాను.

జిల్లా ఆసుపత్రిలో పసిపిల్లల వార్డు నర్సుగా చాలామంది తల్లులను చూశాను. ముట్టుకుంటే ఏమవుతుందోనని చేతులు వెనక్కి పెట్టుకుని అద్దం బయటే నిలబడేవాళ్లు. నువ్వలా ఉండకు. గాజులు, ఉంగరాలు తీసేసి మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని లోపలికి వెళ్లు. సిస్టర్‌ని అడిగి, ఒక అరచెయ్యి పాప తల మీద, రెండోది పాదాలకు ఆనించి కదపకుండా ఉంచు. నిమరొద్దు. నెలలు నిండని పిల్లలకు నిమిరితే చిరాకు, కదలని చెయ్యి అయితే హాయి. కాసేపటికి విచ్చుకున్న వేళ్లు మెల్లగా ముడుచుకుంటాయి, చూడు. మెషిన్ కూసినప్పుడు స్క్రీన్ కాదు, పాప ముఖం చూడు, సిస్టర్‌ని పిలువు. చాలాసార్లు వైరు జారి ఉంటుంది, అంతే.

ఇక పాల సంగతి. మొదటి రోజుల్లో చేత్తో పిండితే అర చెంచా కూడా రాకపోవచ్చు. ‘పాలు పడలేదు’ అనే మాటలు చెవిన పెట్టకు. ఆ 2 మిల్లీలీటర్ల ముర్రుపాలే ఇప్పుడు దానికి మందు. రాత్రితో కలిపి రోజుకు 8 సార్లకు తగ్గకుండా పిండు, వచ్చింది వచ్చినట్టు సిస్టర్‌కి ఇచ్చెయ్. అప్పటికీ చాలకపోతే తల్లిపాల బ్యాంకు ఉందేమో కనుక్కో. హైదరాబాద్ నీలోఫర్‌లో 2017 నుంచి ఉంది. పాలు పోసే ట్యూబు తీసేశాక పాలాడతో పట్టిస్తారు. చూడగానే నీకు తెలిసిపోతుంది, మన అమ్మమ్మల ఉగ్గుగిన్నే అది. మొదటి వారం పాప బరువు తగ్గుతుంది, దానికి కంగారుపడకు.

డాక్టరు సరేనన్న రోజు నుంచి పాపను గుండె మీద పెట్టుకో. డైపరు, టోపీ, సాక్సులు తప్ప ఇంకేమీ ఉండకూడదు. నీ రొమ్ముల మధ్య నిలువుగా, కప్పపిల్లలా కాళ్లు ముడిచి, ముఖం ఒక పక్కకు తిప్పి గుడ్డతో కట్టుకోవాలి. కంగారూ కేర్ అంటారు. ఇంక్యుబేటర్లు చాలక 1978లో కొలంబియాలోని బొగోటాలో డాక్టర్లు మొదలుపెట్టారు. పేదవాళ్ల వైద్యంలే అని తీసిపారేసే మాట కాదిది. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థే రోజుకు 8 నుంచి 24 గంటలు చెయ్యమంటోంది. నువ్వు అన్నం తినేటప్పుడు అల్లుడుగారు చొక్కా విప్పి ఎత్తుకోవచ్చు, మీ అమ్మ కూడా. సిగ్గుపడొద్దని ఆయనకు నా మాటగా చెప్పు.

బారసాల ఆగుతుంది. ఈలోపు పేరు అనుకుంటే ఆ పేరుతోనే పిలువు. కంటి పరీక్ష మాత్రం ఆగదు. తొందరగా పుట్టిన పిల్లలకు కంటి వెనక రెటీనా దెబ్బతినొచ్చు, పైకి ఏమీ కనిపించదు. డిశ్చార్జి అయినా సరే, పుట్టిన 30 రోజుల్లోపు చూపించాలి.

ఇంటికొచ్చాక సాంబ్రాణి పొగ, వస, ఆముదం, కాటుక ఏవీ వద్దు. మీ అమ్మతో నేను మాట్లాడతాను, ఆ గొడవ నీకెందుకు. పాలు తాగడం మానేసినా, పాదాలు చల్లబడినా, డొక్కలు ఎగరేస్తున్నా, అరచేతుల దాకా పచ్చబడినా తెల్లారే దాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లు.

ఆదివారం వస్తున్నాను. నా పాత నేతచీర ఒకటి చింపి, ఉతికి ఎండలో ఆరేశాను. పాపను గుండెకు కట్టుకోవడానికి మెత్తగా ఉంటుంది.

నీ పెద్దమ్మ