1,80,000 కిలోమీటర్లు తిరిగిన లగ్జరీ డీజిల్ కారు కొనొచ్చా?

1,80,000 కిలోమీటర్లు తిరిగిన లగ్జరీ డీజిల్ సెడాన్ చవగ్గా వస్తోంది, రోజూ ఆఫీసుకు ఆరు కిలోమీటర్లే నడుపుతాను, తీసుకోవచ్చా అని అడిగారు. మీటరులో ఉన్న అంకె కంటే ఆ ఆరు కిలోమీటర్ల గురించే నాకు టెన్షన్. ఇలాంటి కార్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది, అదే డీపీఎఫ్. సుమారు 600 డిగ్రీల వేడికి గానీ ఆ మసి కాలిపోదు. ఇంజిన్ వేడెక్కేలోపే ఆఫీసు వచ్చేస్తే మసి పేరుకుని ఫిల్టర్ మూసుకుపోతుంది. మసి కాలినా బూడిద అందులోనే ఉండిపోతుంది, ఇంత తిరిగిన బండిలో అదీ బాగానే చేరి ఉంటుంది.

అయినా మనసు లాగుతుంటే, రాత్రంతా ఆగి ఉన్న కారును మీరే స్టార్ట్ చేస్తానని చెప్పండి. మీరు వెళ్లేసరికే బానెట్ వెచ్చగా ఉంటే, చల్లటి ఇంజిన్ చప్పుడు మీకు వినపడకుండా ముందే స్టార్ట్ చేశారేమోనని అనుమానించాల్సిందే. స్టార్ట్ కాగానే గలగలమని చప్పుడొస్తే టైమింగ్ చైన్, అంటే ఇంజిన్ లోపలి భాగాలను ఒకే లయలో తిప్పే గొలుసు, అరిగి ఉండొచ్చు. బీఎండబ్ల్యూ ఎన్47 ఇంజిన్‌లో ఆ చైన్ వెనక, గేర్‌బాక్స్ వైపు ఉంటుంది, మార్చడం పెద్ద పని. గేర్‌బాక్స్ ఆయిల్ మార్చిన బిల్లు కూడా అడగండి. బండి ధర తగ్గింది గానీ విడిభాగాల ధర తగ్గలేదు కదా!

మీ వాడకానికి నేనైతే పెట్రోల్ కారే చూస్తాను.