చర్చి సంఘ కమిటీలో అందరూ ఒప్పుకున్న తీర్మానం ఎందుకు అమలు కాదు?

చాలాసార్లు లోపం భక్తిలో కాదు, తీర్మానం రాసిన తీరులో ఉంటుంది. "ప్రహరీ గోడ కట్టించుటకు ఏకగ్రీవంగా తీర్మానించడమైనది" అని మినిట్స్‌లో రాస్తారు. ఎవరు కట్టిస్తారు, డబ్బు ఏ ఖాతాలోంచి, ఎప్పటికి? ఏదీ ఉండదు. పైగా పాస్టరుగారు అధ్యక్ష స్థానంలో ఉండగా ఎదురు చెప్పలేక కొందరు "ఆమెన్" అంటారు. అది మొహమాటం, సమ్మతి కాదు.

బైబిలులోని కొరింథు సంఘంలోనూ ఇదే జరిగింది. యెరూషలేములోని పేద విశ్వాసులకు చందా పోగుచేయడం మొదలుపెట్టారు, ఏడాదైనా పూర్తి చేయలేదు (2 కొరింథీ 8:10-11). ఆ సంఘానికి ఉత్తరాలు రాసిన అపొస్తలుడు పౌలు హెచ్చరికతో సరిపెట్టలేదు. ప్రతి ఆదివారం ఎవరి వరుమానం కొద్దీ వారు తీసి దాచమని అంతకుముందే పద్ధతి చెప్పాడు (1 కొరింథీ 16:2). తర్వాత తన సహచరుడు తీతును, అతనితో మరో ఇద్దరిని పంపాడు. పెద్ద మొత్తం కదా, రేపు ఎవరూ వేలెత్తి చూపకూడదని.

మీరు చేయాల్సింది: ఓటుకు ముందే కోశాధికారి చేత నిల్వ ఎంతుందో చెప్పించండి. అభ్యంతరాలు ఒక్కొక్కరినీ విడిగా అడగండి. తీర్మానం కిందే ఒక్కరి పేరు, గడువు తేదీ, మంజూరైన మొత్తం రాయండి. "కమిటీ చూసుకుంటుంది" అంటే ఎవరూ చూడరు. నకలు మూడు రోజుల్లో ఆ వ్యక్తికి చేరాలి.

తర్వాతి సమావేశంలో కొత్త విషయాలకన్నా ముందు పాత తీర్మానాలు చదవండి. వరుసగా రెండుసార్లు కదలకపోతే బాధ్యుణ్ణి మార్చండి, లేదా తీర్మానాన్నే రద్దు చేయండి.