కీటో మొదలుపెట్టే ముందు మందుల చీటీ తీయండి

"పదేళ్ళుగా షుగరు, బీపీ ఉన్నాయి. కీటో డైట్ మొదలుపెడదామనుకుంటున్నాను. మొదటి వారంలో ఎన్ని కిలోలు తగ్గొచ్చు?" అని మీరు అడిగారు.

నేను మూడు కిలోలు తగ్గాను. అందులో చాలావరకు నీళ్ళే. ఒంట్లో దాచుకున్న గ్లైకోజన్, అంటే నిల్వ చక్కెర, గ్రాముకు దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది. కీటో అంటే పిండి పదార్థాలు దాదాపు మానేసి, ఎక్కువగా కొవ్వు తినడం. అలా మానేస్తే ముందు ఖర్చయ్యేది ఆ నిల్వే, దాంతో నీళ్ళూ పోతాయి. ఆ అంకె చూసి సంబరపడకండి. అసలు మీరు అడగాల్సింది కిలోల గురించి కాదండి. ఇప్పుడు వేసుకుంటున్న మాత్రల్లో ఏవి తగ్గించాలి, ఏ రోజు నుంచి తగ్గించాలి అని అడగాలి. నేను అడగలేదు.

అప్పటికి నాకు షుగరు వచ్చి పదకొండేళ్ళు. రోజూ షుగరుకు మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్, బీపీకి నీళ్ళ మందు (ఉప్పును, నీటిని మూత్రంలో పంపేసేది) కలిసిన మాత్ర ఒకటి. షుగరు మూడు నెలల సగటు (హెచ్‌బీఏ1సీ) 8.1 దగ్గర రెండేళ్ళుగా కదలడం లేదు. విసుగొచ్చి, రోజుకు 25 గ్రాముల పిండి పదార్థాలతో సరిపెట్టుకుందామని నిర్ణయించుకున్నాను. ఎవరికీ చెప్పకుండా చేశానని అనుకోకండి. అప్పటి డాక్టరుగారికి చెప్పాను. ఆయన కంప్యూటర్ మీంచి తల తిప్పకుండా "తగ్గించి తినండి, మంచిదే" అని, పాత మందులే మళ్ళీ మూడు నెలలకు రాసిచ్చారు. బయట కూర్చున్నది గంటన్నర, లోపల ఉన్నది నాలుగు నిమిషాలు. ఏళ్ళ తరబడి జబ్బుతో తిరిగేవాళ్ళకు ఇది అలవాటే. తిండి గురించి మాట్లాడటానికి ఎవరికీ టైముండదు, మాత్ర పెంచడానికి మాత్రం అరనిమిషం చాలు. ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

మొదటి మూడు రోజులు గుడ్లు, చేపలు, ఆకుకూరలు, వెన్నతో బాగానే గడిచాయి. నాలుగో రోజు తలనొప్పి, రాత్రిళ్ళు పిక్కలు పట్టేయడం. వీడియోల్లో అందరూ ఒకటే మాట: ఇది కీటో ఫ్లూ, ఉప్పునీళ్ళు తాగి ఓర్చుకోండి, పోతుంది. ఓర్చుకున్నాను.

ఐదో రోజు రాత్రి రెండున్నరకు మెలకువ వచ్చింది. బనియను తడిసిపోయి ఒంటికి అతుక్కుని ఉంది. గుండె దడదడలాడుతోంది. బాత్రూముకు వెళ్దామని లేచి నిలబడ్డానో లేదో కళ్ళకు చీకట్లు కమ్మాయి. గోడ పట్టుకుని అలాగే జారి కింద కూలబడ్డాను. అప్పుడు కూడా నేను అన్నది "ఏం లేదు, కీటో ఫ్లూ" అనే. మా ఆవిడ వినిపించుకోకుండా మీటరు తెచ్చింది. చేతులు వణుకుతుంటే ఆ సన్నటి స్ట్రిప్పు మీటరు సందులో దూరలేదు. రెండు కింద పడిపోయాయి. మూడోది తనే పెట్టింది. షుగరు 54, బాగా పడిపోయింది. బీపీ చూస్తే 92 మీద 58. పరుగున వెళ్ళి పంచదార నీళ్ళు తెచ్చింది. కంగారులో సరిగ్గా కలపలేదు. నీళ్ళు తాగేశాక గ్లాసు అడుగున మిగిలిన పంచదారను వేలితో తీసి నా నోట్లో పెట్టింది. పావుగంట తర్వాత మళ్ళీ చూస్తే 83. ఆ పావుగంటా నా మణికట్టు వదల్లేదు.

గ్లిమిపిరైడ్ క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది. మనం ఏం తిన్నామో దానికి అనవసరం. నేను పిండి పదార్థాలు ఆపాను గానీ ఆ మాత్ర ఆపలేదు. ఇక కీటో మొదలైన కొత్తలో కిడ్నీలు ఉప్పును, నీటిని మామూలు కంటే ఎక్కువ బయటికి పంపేస్తాయి. నా బీపీ మాత్రలోని నీళ్ళ మందు పనీ అదే. డైట్ తన పని తాను చేసింది, మందులు వాటి పని అవి చేశాయి, మధ్యలో నేను పడ్డాను.

షుగరు, బీపీ ఉన్నవాళ్ళు కీటో ఫ్లూ అని సరిపెట్టుకుంటున్న దాంట్లో సగం మందుల డోసు ఎక్కువైపోవడమేనని నా గట్టి నమ్మకం. రుజువు అడిగితే నా దగ్గరున్నది నా మీటరు లెక్కలే. అయినా ఈ మాట మీద వెనక్కి తగ్గను. ఈ డైట్ పుట్టింది సన్నబడటానికి కాదు. 1921లో మేయో క్లినిక్‌లో రస్సెల్ వైల్డర్ అనే డాక్టరు మూర్ఛ రోగుల కోసం దీన్ని ప్రతిపాదించారు. మందులకు లొంగని మూర్ఛ ఉన్న పిల్లలకు ఇప్పటికీ డాక్టర్ల పర్యవేక్షణలో, ప్రతి ముద్దా తూకం వేసి ఇస్తారు. అలాంటిదాన్ని ఫోన్లో పది నిమిషాల వీడియో చూసి మొదలుపెట్టేస్తున్నాం. పైగా కొందరు "నెలలో షుగరు మందులన్నీ మానేయొచ్చు" అంటారు. టైప్ 1 షుగరు (ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారుకానిది) ఉన్న మనిషి అది విని ఇన్సులిన్ మానేస్తే ప్రాణమే పోతుంది. కామెంట్లలో ఆ సంగతి రాశాను, తీసేశారు.

తర్వాత వేరే డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆవిడ ముందు మందుల చీటీ అడిగారు. గ్లిమిపిరైడ్ పూర్తిగా ఆపి, బీపీ మాత్ర మార్చి సగానికి తెచ్చారు. మెట్‌ఫార్మిన్ ఉంచారు. పేరు చివర "ఫ్లోజిన్" అని ఉండే మాత్రలు వేసుకుంటున్నానా అని రెండుసార్లు అడిగారు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటివి. వాటితో కీటో కలిస్తే మీటరులో షుగరు 150 చూపిస్తున్నా, లోపల కీటోన్లు (కొవ్వు కరిగినప్పుడు తయారయ్యే ఆమ్లాలు) పెరిగిపోయి రక్తం ఆమ్లంగా మారే ప్రమాదం ఉందట. మీటరు చూసుకుని ధైర్యంగా కూర్చునేవాళ్ళకు ఇంకా ప్రమాదం. కిడ్నీ పరీక్ష, యూరిక్ యాసిడ్, కొలెస్ట్రాల్ చూశాకే మళ్ళీ మొదలుపెట్టనిచ్చారు. మొదటి రెండు వారాలు రోజుకు నాలుగుసార్లు షుగరు, రెండుసార్లు బీపీ రాసి పంపాను.

నాలుగు నెలలకు సగటు 6.6కు దిగింది. అది చూసిన రోజు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్, మాత్రం పెరిగింది. అందుకే ఏడో నెలలో పిండి పదార్థాలు 90 గ్రాములకు పెంచుకున్నాను. అంటే ఇప్పుడు నాది కీటో కాదు, పిండి పదార్థాలు తగ్గించి తినే ఉత్త లో కార్బ్. గ్లిమిపిరైడ్ మళ్ళీ అవసరం పడలేదు. మంచం పక్కన మీటరు, గ్లూకోజు పొడి డబ్బా ఇప్పటికీ ఉంటాయి.

మీరు ఏ మాత్రలు వేసుకుంటున్నారో ప్రశ్నలో రాయలేదు. చీటీ తీసి చూడండి. అందులో ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటివి గానీ, ఫ్లోజిన్ గానీ, నీళ్ళ మందు గానీ ఉంటే, డాక్టరు డోసు మార్చి రాసిచ్చేదాకా మొదలుపెట్టకండి. నాలుగు నిమిషాల్లో పంపించేస్తే కుర్చీలోంచి లేవకండి.