ఏడీహెచ్‌డీ ఉన్న ఇంట్లో: అమ్మడికి ఉత్తరం

చిరంజీవి అమ్మడికి,

పెద్దమ్మ ఆశీస్సులు. చిన్నాడికి ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, అతి చురుకుదనం ఉండే సమస్య) అని డాక్టరు తేల్చారనీ, మీ అత్తగారు "రెండు తగిలిస్తే దారిలో పడతాడు" అంటున్నారనీ, అల్లుడుగారేమో "చిన్నప్పుడు నేనూ ఇంతే, అదే పోతుంది" అన్నారనీ రాశావు. ఆ మాటల్లో నీకు పనికొచ్చేది అల్లుడుగారన్న మొదటి సగమే. ఇది ఎక్కువగా వంశంలో నడిచేది. వయసుతో గెంతులు తగ్గుతాయి గానీ మరపు, వాయిదా, తొందరపాటు చాలామందిలో పెద్దయ్యాకా మిగులుతాయి. ఇంటర్‌లో చేరాక పుస్తకం ముందు గంటల తరబడి కూర్చుని పేజీ తిప్పని పెద్దపిల్ల సంగతి కూడా ఇందులోనే చూడాలి. అందుకే చిన్నాడు, పెద్దపిల్ల, అల్లుడుగారు ముగ్గురి గురించీ రాస్తున్నాను.

ముందు ఒక్కటి పట్టుకో. ఏం చేయాలో చిన్నాడికి తెలుసు. అడిగితే గడగడా చెబుతాడు. చేయాల్సిన నిమిషంలో ఆ తెలిసింది అక్కరకు రాదు. అందుకే రాత్రి చెప్పే బుద్ధులు, మర్నాడు వేసే శిక్ష రెండూ వృథా అవుతాయి. దెబ్బకు భయం మిగులుతుంది, పని మాత్రం రాదు. సాయం అనేది పని జరిగే చోట, జరిగే వేళకు ఉండాలి. ఏ వయసుకైనా ఇదే పద్ధతి. ఆ సాయం ఎవరి చేతిలో ఉండాలన్నదే మారుతుంది.

పొద్దుటి సంగతి తీసుకో. నువ్వు వంటింట్లోంచి "పళ్లు తోముకో, స్నానం చెయ్యి, సాక్సులు వేసుకో" అని కేకేస్తే వాడికి మొదటి మాటే చెవిన పడుతుంది, ఒక్కోసారి అదీ పడదు. దగ్గరికెళ్లు, భుజం మీద చెయ్యి వెయ్యి, పేరు పెట్టి పిలిచి ఒక్క పనే చెప్పు. చెప్పి పది సెకన్లు ఆగు. ఆ వ్యవధిలో మళ్లీ అన్నావంటే మొదటిది చెరిగిపోతుంది. "పరుగెత్తకు" కంటే "నడిచి రా" నయం. బాత్రూం తలుపు పక్కన వాడి కంటి ఎత్తులో నాలుగైదు బొమ్మలతో కాగితం అంటించు. యూనిఫాం, బెల్టు, సాక్సులు, డైరీ, నీళ్ల సీసా రాత్రే ఒక బుట్టలో చేర్చి గుమ్మం దగ్గర పెట్టించు. పెట్టేది వాడే, పక్కన నిలబడేది నువ్వు.

హోంవర్కు బడి నుంచి రాగానే వద్దు. ఏదైనా తిని, అరగంటకు పైగా ఆడుకున్నాక కూర్చోబెట్టు. పది, పదిహేను నిమిషాలు పని, తర్వాత అయిదు నిమిషాల విరామం. తిప్పి పెట్టే టైమరు కొను, ఎంత సమయం మిగిలిందో కంటికి కనబడాలి. విరామంలో ఫోను మాత్రం ఇవ్వకు, దాన్లోంచి వాణ్ని బయటికి లాగడమే ఇంకో యుద్ధమవుతుంది. నీళ్లు తాగడం, మెట్లెక్కి దిగడం చాలు. లెక్కల పేజీలో ఒక్క లెక్కే కనబడేలా మిగతాది కాగితంతో మూసెయ్యి. నువ్వు పక్కనే కూరగాయలు తరుగుతూ కూర్చో. చెప్పనక్కర్లేదు, మనిషి పక్కన ఉంటే చాలు, పని సాగుతుంది.

బహుమతుల్లో అందరూ పప్పులో కాలేసే చోటు ఒకటుంది: "పరీక్షల్లో బాగా వస్తే సైకిల్ కొంటాం" అనడం. ఆరు నెలల తర్వాత వచ్చేది వాడికి లేనట్టే. రెండు, మూడు పనులే ఎంచుకో. అవి అయిన వెంటనే ఒక కాగితం మీద చుక్క పెట్టు, ఆ సాయంత్రమే చుక్కలకు ఏదో ఒకటి ఇవ్వు: నాన్నతో క్యారమ్ ఆట, రాత్రి కూర ఏమిటో వాడే చెప్పడం. సంపాదించిన చుక్కలు అల్లరి చేశాడని కొట్టెయ్యకు, ఆట మీద నమ్మకం పోతుంది. రెండు, మూడు వారాలకు వాడికి విసుగొస్తుంది. పద్ధతి పనిచెయ్యలేదని అప్పుడు మానేస్తారు చాలామంది. మార్చాల్సింది బహుమతినే.

టీచరుగారిని మూడు విషయాలు అడుగు: తలుపుకీ కిటికీకీ దూరంగా ముందు బెంచీ, నోటుపుస్తకాలు పంచడంలాంటి కదిలే పని, ఒకే రకం లెక్కలు ఇరవై ఉంటే పది చాలనడం. ఆటల పీరియడు ఆపడం శిక్షగా వాడొద్దని గట్టిగా చెప్పు. కదలిక ఆపితే తర్వాతి పీరియడు ఇంకా కష్టమవుతుంది. చదవడం, రాయడంలో విడిగా ఇబ్బంది ఉందేమో కూడా పరీక్ష చేయించు, రెండూ కలిసి ఉండటం మామూలే. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల్లో ఏడీహెచ్‌డీ విడిగా లేదు, అభ్యసన వైకల్యం (చదవడం, రాయడంలాంటి వాటిలో ఉండే ఇబ్బంది) ఉంది. దాని సర్టిఫికెట్ ఉంటే సీబీఎస్‌ఈ పరీక్షల్లో గంటకు 20 నిమిషాల చొప్పున అదనపు సమయం దొరుకుతుంది.

ఇక మందు. ఆరేళ్లలోపు పిల్లలకైతే ముందు తల్లిదండ్రులకు శిక్షణే. చిన్నాడికి తొమ్మిదేళ్లు కాబట్టి డాక్టరు ధ్యాస నిలబెట్టే మందు మిథైల్‌ఫెనిడేట్ రాయడంలో వింత లేదు. చూపు, వినికిడి, రక్తహీనత, థైరాయిడ్, నిద్రలో గురక లాంటివి చూశారో లేదో అడుగు. కుటుంబంలో చిన్న వయసులో గుండె ఆగి పోయినవాళ్లుంటే దాచకుండా చెప్పు. మామూలుగా 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, వారాల మీద చూస్తూ పెంచుతారు. మామూలు మాత్ర మూడు, నాలుగు గంటలు పనిచేస్తుంది, నిదానంగా విడుదలయ్యేది రకాన్ని బట్టి ఇంకా ఎక్కువసేపు ఉంటుంది. మధ్యాహ్నం ఆకలి చచ్చిపోతుంది, క్యారేజీ అలాగే తిరిగొస్తుంది. దానికి తిట్టకు. మాత్రకు ముందే గుడ్డు, పెసరట్టు, పాలు కడుపునిండా పెట్టు. సాయంత్రం మందు ప్రభావం దిగాక మళ్లీ ఆకలేస్తుంది, అప్పుడు పల్లీపట్టీ, రాత్రి గట్టి భోజనం. మందు దిగే ఆ గంటలో చిరాకు పడతాడు. ప్రోగ్రెస్ కార్డు సంగతి అప్పుడెత్తకు. బరువు నెలనెలా, ఎత్తు ఆరు నెలలకోసారి రాసిపెట్టు. బీపీ, నాడి డాక్టరు చూస్తారు. ఇది షెడ్యూల్ ఎక్స్ మందు, అంటే గట్టి నియంత్రణలో అమ్మేది. చీటీ రెండు ప్రతులు కావాలి, ఒకటి దుకాణంవాళ్లు ఉంచుకుంటారు. అన్ని దుకాణాల్లోనూ దొరకదు, వారం ముందే చూసుకో. బీరువాలో తాళం వేసి ఉంచు. దీని బదులు అటమాక్సెటిన్ అనే ఇంకో మందు ఇస్తే ఫలితం కనబడటానికి కొన్ని వారాలు పడుతుంది, నాలుగు రోజులకే ఆపెయ్యొద్దు. స్వీట్లు తినడం వల్ల రాలేదు, సరస్వతీ లేహ్యంతో పోదు.

పెద్దపిల్ల విషయంలో నాకు ఎక్కువ బెంగ. అల్లరి చెయ్యని ఆడపిల్లల్లో దీన్ని ఎవరూ పోల్చుకోరు. "తెలివుంది, బద్ధకం" అనేస్తారు. ఆ మాట పదేళ్లు విన్న పిల్ల తానే దాన్ని నమ్ముతుంది. తర్వాత దిగులు పట్టుకుంటుంది. డాక్టరుకు చూపించు. పన్నెండేళ్లలోపే లక్షణాలున్నాయా అని అడుగుతారు, కాబట్టి పాత ప్రోగ్రెస్ కార్డుల్లో టీచర్లు రాసినవి తీసిపెట్టు. పొద్దున్నుంచి రాత్రిదాకా స్టడీ అవర్లుండే హాస్టల్‌కు మార్చే ఆలోచన ఉంటే ఇప్పుడు మానుకో. నిద్ర తగ్గితే ఉన్న కాస్త పట్టూ జారిపోతుంది. నెలసరికి ముందు వారం కొందరికి మరపు ఎక్కువవుతుంది, అది డైరీలో గుర్తుపెట్టుకుని డాక్టరుకు చెప్పమను. ఆదివారం ఇరవై నిమిషాలు మీరిద్దరే కూర్చుని వారం ప్లాను రాయండి, నానమ్మ ముందు వద్దు. పెన్ను దాని చేతిలో ఉండాలి. స్కూటీ నేర్పితే హెల్మెట్ పెట్టుకోవడం, ఫోను డిక్కీలో వెయ్యడం తాళం తిప్పకముందే అలవాటవ్వాలి. మొదటి నెలల్లో వెనక స్నేహితులు వద్దు.

అల్లుడుగారితో జాగ్రత్తగా మాట్లాడు. "మీవల్లే వాడికొచ్చింది" అన్న మాట నోట రాకూడదు. ఆయన వెళ్తానంటే సైకియాట్రిస్టు దగ్గరికి మీ అత్తగారినీ తీసుకెళ్లండి, ఆయన చిన్నతనం చెప్పగలిగేది ఆవిడే. ఇంట్లో మాత్రం ఇప్పుడే మొదలుపెట్టొచ్చు. ఈఎంఐలు, కరెంటు బిల్లు జీతం పడిన మర్నాడు వాటంతటవే కట్టేలా పెట్టండి. తాళాలకు గుమ్మం పక్కన ఒకే కొక్కెం. నోటితో చెప్పింది నిలవదు, ఫోన్లో ఇద్దరికీ కనబడే క్యాలెండర్‌లో అలారంతో పెట్టు. పనులు పంచుకునేటప్పుడు సగం సగం కాకుండా మొత్తంగా ఇచ్చెయ్యి: కూరగాయలు ఆయనవైతే జాబితా, సంచి, బజారు అన్నీ ఆయనవే. లేకపోతే గుర్తుచేయడం నీ ఉద్యోగమై, భార్యవి కాస్తా సూపర్‌వైజరువవుతావు. ఆఫీసు పని మీద దుబాయ్ లాంటి చోటికెళితే ఈ మందులకు అక్కడి ప్రభుత్వ అనుమతి ముందే తీసుకోవాలి.

మీ మామగారికి ఈమధ్యే మరపు మొదలైందన్నావు. అది దీని ఖాతాలో వెయ్యకు. ఏడీహెచ్‌డీ చిన్నప్పటి నుంచీ ఉండేది. అరవై దాటాక కొత్తగా వచ్చే మరపును విడిగా చూపించాలి.

డబ్బు భారమైతే జిల్లా సత్వర చికిత్సా కేంద్రాన్ని అడుగు. 18 ఏళ్లలోపు పిల్లలకు రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద చూసే సమస్యల్లో ఇదీ ఉంది. రాత్రి నీకే గుండె బరువెక్కితే 14416కు ఫోన్ చెయ్యి. అది టెలీ మానస్, మనసు బాధలకు ప్రభుత్వం పెట్టిన ఫోన్ సాయం; వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు, పైసా తీసుకోరు.

ఇవన్నీ ఒకేసారి మొదలుపెట్టకు, వారంలో నువ్వే అలసిపోతావు. ఈ వారం గుమ్మం దగ్గర బుట్ట ఒక్కటే. అది కుదిరాక టైమరు. మళ్లీ డాక్టరు దగ్గరికెళ్లే ముందురోజు టీచరుగారితో నాలుగు ముక్కలు రాయించుకో, బరువు రాసిన పుస్తకం సంచిలో పెట్టుకో. డాక్టరు ఏమన్నారో వెంటనే నాకు రాయి.

మీ పెద్దమ్మ